తుఫాను రోజు కొన్నదెవరు

ఫాంగ్ హోయ్‌చింగ్ పేరు పది అడుగుల ఎర్ర బ్యానరు మీదికెక్కి ఆరు నెలల పాటు ఎండకు ఎండింది, వానకు తడిసింది. క్వాయ్‌చుంగ్‌లో ఆమె చదువుకున్న బడివాళ్లు దాన్ని ప్రహరీ కమ్మీలకు బిగించి కట్టారు. కూరగాయలకు వెళ్లే ఆడవాళ్లు ఆగి చదివేవారు. చదివి, పక్కనున్న తమ పిల్లల నెత్తిన ఒక మొట్టికాయ వేసేవారు. ఆ ఏడాది ఆ వీధి పిల్లలు తిన్న మొట్టికాయల్లో సగం పాపం హోయ్‌చింగ్‌దే.

అంత ఘనకార్యం ఏం చేసిందంటే, ‘దేవతల కోర్సు’లో సీటు తెచ్చుకుంది. హాంకాంగ్‌లో కొన్ని చదువులకు ఆ పేరుంది. వైద్యం, న్యాయం ఎప్పటినుంచో ఆ వరుసలో కూర్చుని ఉన్నాయి. కంప్యూటరునీ ఫైనాన్సునీ ఒకే గాటన కట్టిన అయిదేళ్ల జంట డిగ్రీ ఈమధ్యే వచ్చి వాటి సరసన చేరింది. దాని పూర్తి పేరు ఒక్క గుక్కలో పలకడం ఎవరి తరమూ కాదు గనక అందరూ దరఖాస్తులోని నంబరుతోనే పిలుస్తారు. ఆ నంబరు వింటే మినీబస్సు డ్రైవరు కూడా అద్దంలోంచి ఒకసారి వెనక్కి చూస్తాడు.

ఆమెకు కావలసింది మాత్రం ఉత్త లెక్కలు. లెక్కల డిగ్రీ చేసి లెక్కల టీచరు కావాలని ఉండేది. ఆ మాట క్లాసు టీచరుతో అంటే ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నీ మార్కులేంటి, నువ్వడిగే కోర్సేంటి? దానికి నీ మార్కుల్లో ముప్పాతిక చాలు. మిగిలినవి ఏం చేస్తావు, ఊరగాయ పెట్టుకుంటావా? మార్కులు వృథా చేసుకోకు తల్లీ."

మార్కులు వృథా చేయడమంటే ఆ ఊళ్లో అన్నం పారేయడం కంటే పెద్ద పాపం. ఎన్ని మార్కులొస్తే అంత ఎత్తు కోర్సులోనే చేరాలి. ఇష్టం అనేది మార్కులు చాలనివాళ్లు చెప్పుకునే సాకు. పద్దెనిమిదేళ్ల పిల్ల, ఎదురు చెప్పలేకపోయింది. దరఖాస్తులో మొదటి గడిలో ఆ నంబరు రాసింది, సీటొచ్చింది, బ్యానరు లేచింది. ఇక దిగడానికి దారి లేకుండా పోయింది.

వాళ్ల నాన్న ఫాంగ్ మేస్త్రి లిఫ్టులు బాగుచేస్తాడు. ముప్పై ఏళ్లుగా అదే పని. ఆయనకు రెండు పట్టింపులున్నాయి. బాగుచేసిన లిఫ్టులో మొదట మేస్త్రే ఎక్కాలి, పైనుంచి కిందిదాకా ఒకసారి పోయి రావాలి, ఆ తర్వాతే జనం. రెండోది, లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లకు టైము చెప్పకూడదు.

"లోపలున్నోళ్లు పెద్దోళ్లయినా పిల్లలైనా ఒకటే అడుగుతారు. ఎంతసేపు పడుతుంది మేస్త్రీ అని. పది నిమిషాలని చెప్పి పన్నెండయిందనుకో, ఆ రెండు నిమిషాల్లో పిచ్చెక్కిపోతారు. నేనిక్కడే ఉన్నాను అని చెప్పాలి. అంతే" అనేవాడు.

అలాంటి మనిషి తనే ఒకసారి ఇరుక్కున్నాడు. హోయ్‌చింగ్ కోర్సులో చేరబోయే ముందు, ఆగస్టు ఇరవై ఆరున, ఊరంతా ఎనిమిదో నంబరు తుఫాను హెచ్చరికతో తలుపులు మూసుకుని ఉండగా, ఎవరినో బయటికి తీయడానికి వెళ్లిన మేస్త్రి కరెంటు పోయి పదిహేడో అంతస్తుకీ పద్దెనిమిదికీ మధ్య నాలుగు గంటలు వేలాడాడు. అప్పుడు తలుపు సందులోంచి తన తోటి మేస్త్రిని ఆయన అడిగిన మొదటి మాట "ఎంతసేపురా?" అనే. ఆ మాట కంపెనీ అంతా పాకింది. ఈ రోజుకీ ఆయన టీ తాగడానికి వెళితే ఎవడో ఒకడు "ఎంతసేపురా?" అని అరుస్తాడు. చింగ్ వాళ్లమ్మ మాత్రం ఆ తేదీకి కేలండర్లో ఏటా ఎర్ర సిరాతో సున్నా చుడుతుంది. ఆ రోజు ఇంట్లో కోడిని ఉడికించి దేవుడి ముందు పెడుతుంది.

యూనివర్సిటీలో కంప్యూటరు వాళ్ల భవనం కొండవాలుకి పైన ఉంది, ఫైనాన్సు వాళ్లది కింద. నడుమ ఒక కప్పున్న వంతెన. చింగ్ అయిదేళ్ల జీవితం నిజానికి ఆ వంతెన మీదే గడిచింది.

ఫైనాన్సు క్లాసులో జట్టుగా చేయాల్సిన పని ఏదిచ్చినా అందరూ ఆమె వైపు తిరిగేవాళ్లు. "నువ్వు కంప్యూటరు కదా! కోడ్ రాసెయ్, మిగతాది మేం చూసుకుంటాం." అక్కడ ఆమెకు ‘కోడ్ కూలీ’ అని పేరు. పై భవనంలో కథ తిరగబడేది. "నువ్వు ఫైనాన్సు కదా! స్టేజీ ఎక్కి నువ్వే మాట్లాడు, స్లైడ్లు కూడా నువ్వే చెయ్. మాకు నోరు పెగలదు." అక్కడ ఆమె పేరు ‘సూటు సుందరి’. పాపం, ఉన్నది ఒకటే సూటు, అదీ వాళ్లమ్మ పనిచేసే బడి భోజనాల వంటశాలలో ఎవరో ఇచ్చింది. అలా కోడ్ ఎవరికీ రాని చోట కోడ్ రాసింది, డబ్బు సంగతి ఎవరికీ పట్టని చోట డబ్బు గురించి ఉపన్యాసాలిచ్చింది. ఆమె చేసింది సరైందో కాదో చెప్పగలవాడు రెండు చోట్లా ఒక్కడూ లేడు. మార్కులు మాత్రం బాగానే పడేవి. దాంతో ఆమెకు భయం ఇంకా పెరిగేది.

రెండో ఏడు చివర ఒకసారి బయటపడదామని చూసింది. ఒక సగం వదిలేసి లెక్కల్లోకి మారతానని ఆఫీసుకు వెళ్లింది. అక్కడి గుమాస్తా ఆమె కంటే ఎక్కువ బాధపడింది.

"రెండూ కలిపి ఒకటే సీటమ్మా. ఒకటి వదిలితే రెండోదీ పోతుంది. మళ్లీ బడిపిల్లలతో పాటు దరఖాస్తు పెట్టుకోవాలి. అయినా ఇంత మంచి నంబరు ఎవరైనా వదులుకుంటారా?"

ఇంటికొచ్చి రెండంతస్తుల మంచం కింది బెర్తు మీద గోడ వైపు తిరిగి పడుకుంది. పై బెర్తు నిండా అట్టపెట్టెలు. వాళ్లమ్మ సూప్ గిన్నె పట్టుకుని పక్కన కూర్చుని "ఇంకెంతకాలమే ఈ చదువు?" అంది. "మూడేళ్లమ్మా" అంది చింగ్. ఆ మూడేళ్లూ ఆమె ఒక్కొక్క వారం కొట్టేసుకుంటూ బతికింది.

చివరి ఏడాదికి వచ్చేసరికి ఆమె దగ్గర ఒక రహస్యం ఉంది. ఉపాధ్యాయ శిక్షణలో లెక్కల విభాగంలో సీటిస్తామని ఇంకో కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. జూన్ ఆఖరుకి డిగ్రీ చేతికొస్తే సెప్టెంబరులో చేరవచ్చు. రాకపోతే ఆ ఉత్తరం చెల్లదు. దాన్ని ఆమె సంచి లోపలి జేబులో పెట్టుకుని తిరిగేది. రైల్లో కూర్చున్నప్పుడు పైనుంచే తడిమి చూసుకునేది.

మిగిలింది ఒక్కటే, చివరి ప్రాజెక్టు. అది రెండు డిగ్రీలకూ లెక్కకొస్తుంది. పోతే రెండూ పోతాయి, మళ్లీ సెప్టెంబరు నుంచి ఏడాదంతా చేయాలి. అందులో ఆమె జతగాడు కాం పాక్‌హేయ్ అదే కోర్సు కుర్రాడు. మంచివాడే, కానీ కోడ్ చూస్తే కళ్లు తిరుగుతాయి. బజారు గురించి మాట్లాడమంటే మాత్రం టీ చల్లారిపోయేదాకా మాట్లాడతాడు. ఇద్దరూ కలిసి షేర్లు ఎప్పుడు కొనాలో, ఎప్పుడు అమ్మాలో తనంతట తానే చెప్పే ప్రోగ్రాం ఒకటి తయారు చేశారు. పాత పదేళ్ల ధరల మీద నడిపి చూస్తే లాభం గీత కొండెక్కినట్టు ఎక్కింది. పై భవనంలో మోక్ సార్, కింది భవనంలో యిప్ మేడమ్, ఇద్దరు గురువులూ మురిసిపోయారు. పింఛను నిధులు చూసే కంపెనీ ఒకటి వచ్చి, మీ ఇద్దరికీ ఉద్యోగాలిస్తాం, ఈ ప్రోగ్రాంను కూడా తెచ్చుకోండి, మా దగ్గర నడుపుదాం అంది. మే నెలలో హాలు నిండా జనం ముందు దాన్ని చూపించాలి.

ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం చింగ్ లైబ్రరీలో కూర్చుని స్లైడు కోసం ప్రోగ్రాం కొన్నవీ అమ్మినవీ జాబితా తీసింది. మంచి లాభం వచ్చిన నాలుగైదు రోజులు ఎంచి చూపిద్దామని లాభం ఎక్కువ నుంచి తక్కువకు పేర్చింది. అన్నిటికంటే పైన ఉన్న తేదీ చూసి నవ్వొచ్చింది. ఆగస్టు ఇరవై ఆరు. ఏడాదీ అదే, నాన్న వేలాడిన రోజు. వాళ్లకు అంత చెడ్డ రోజున ప్రోగ్రాంకి మాత్రం భలే కలిసొచ్చిందే అనుకుంది.

తర్వాత నవ్వు ఆగిపోయింది.

ఇప్పుడైతే తుఫానులోనూ బజారు నడుస్తోంది గానీ అప్పట్లో ఎనిమిదో నంబరు పడిందంటే అన్నీ మూతే. ఆ రోజు షేర్లు అమ్మినవాడూ లేడు, కొన్నవాడూ లేడు. రెండో తేదీ చూసింది, చాంద్రమాన కొత్త సంవత్సరం సెలవు. మూడోది ఇంకో తుఫాను. మొదటి ఇరవైలో పంతొమ్మిది బజారు మూసి ఉన్న రోజులే.

తప్పు ఎక్కడుందో తెలియడానికి పావుగంట పట్టలేదు. ధరల పట్టికలో రోజుకొక వరుస. బజారు లేని రోజు గడి ఖాళీగా ఉంటుంది. ఖాళీలుంటే ప్రోగ్రాం ఆగిపోతుంది గనక వాటిని నింపడానికి ఆమె ఒక వరుస కోడ్ రాసింది. నిన్నటి ధరను కిందికి దింపి నింపాలి. ఆమె రాసిన వరుస రేపటి ధరను పైకి లాగి నింపుతోంది. రెంటికీ తేడా ఒక్క అక్షరం. దాంతో సెలవు రోజున ప్రోగ్రాం మర్నాటి ధర ముందే చూసేస్తోంది, చూసి నిన్నటి ధరకే కొనేస్తోంది. అలా కొంటే ఎవరికి లాభం రాదు? ఆ అక్షరం మార్చి నడిపింది. కొండెక్కిన గీత నేల మీద పడుకుంది.

కోడ్ వచ్చినవాళ్లకు ఆ రోజు బజారు మూసి ఉందని తెలియదు. బజారు తెలిసినవాళ్లకు ఆ వరుస చదవడం రాదు. రెండూ తెలిసి ఉండాల్సింది తనొక్కతే. రాసిందీ తనే.

కేంటీన్లో పాక్‌హేయ్‌కి చెప్పింది. అతను నిమ్మకాయ టీలో ముక్కల్ని స్ట్రాతో పొడుస్తూ విన్నాడు.

"ఎవరు చదువుతారు చింగ్ ఆ లిస్టు? ఇంకో రెండు నెలలు. రెండే నెలలు. నువ్వు బయటపడతావు, నేను బయటపడతాను. ఆ కంపెనీకెళ్లాక తీరిగ్గా సరిచేద్దాం."

"సరిచేస్తే ఏం మిగలదు. ఉత్త డొల్ల."

"అయితే అప్పుడు పడిపోయిందందాం. బజారన్నాక పడదా?" అన్నాడు. అని, ఆమె మొహం చూడలేక ట్రే తీసుకుని లేచాడు.

ప్రాజెక్టు వెనక్కి తీసుకోవాలంటే ఒక ఫారం ఉంది, ఇద్దరు గురువుల సంతకాలూ కావాలి. ముందు కింది భవనానికి వెళ్లింది. యిప్ మేడమ్ ఫోనుకీ ఫోనుకీ మధ్య ఆమె మాట విన్నది.

"గడులు నింపడం, అది కంప్యూటరు విషయం కదమ్మా. నాకు లాభం గీత తెలుసు, అది బ్రహ్మాండంగా ఉంది. మోక్ సార్‌ని అడుగు. ఆయన తప్పంటే నేను సంతకం పెట్టేస్తాను."

వంతెన దాటి పైకెళ్లింది. మోక్ సార్ కుర్చీ జరిపి కూర్చోమన్నాడు.

"ప్రోగ్రాం ఎక్కడైనా ఆగిందా?"

"లేదు సార్."

"రాసినట్టే నడుస్తోందా?"

"నడుస్తోంది సార్. రాసిందే తప్పు."

"ఏ రోజుకి ఏ ధర పెట్టాలన్నది ఫైనాన్సు విషయం. అందులో నేను వేలు పెడితే బాగుండదు. యిప్ మేడమ్ తప్పని రాసిస్తే నాకేం అభ్యంతరం లేదు" అని, గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు.

ఇద్దరూ మంచివాళ్లే. ఇద్దరూ ఆమె తెచ్చిన జాబితా వైపు చూడలేదు. ఆ రోజు ఆమె ఆ వంతెన ఆరుసార్లు దాటింది. ఆరోసారి నడిమధ్యలో నిలబడిపోయింది. నోరు మూసుకుంటే రెండు నెలల్లో విడుదల, నోరు తెరిస్తే ఇంకో ఏడాది ఖైదు. ఆ ఖైదు చేతులారా కోరుకుందామన్నా సంతకం పెట్టే దిక్కు లేదు. ఏడుపొచ్చింది. పక్కనుంచి పోతున్న పిల్లలు చూస్తారని ఫోను మాట్లాడుతున్నట్టు చెవి దగ్గర పెట్టుకుని ఏడ్చింది.

ఇంట్లో భోజనాల దగ్గర నాన్న కనిపెట్టాడు. "ఏమైందిరా చింగ్? చేప కన్ను నీకోసం ఉంచితే ముట్టుకోలేదు."

"ఏం లేదు నాన్నా. ప్రోగ్రాంలో ఒక చిన్న... ఆగస్టు ఇరవై ఆరున షేర్లు కొన్నట్టు చూపిస్తోంది."

మేస్త్రి అన్నం గిన్నె దించాడు. "ఆ రోజు అన్నీ మూతే కదా. మరి కొన్నదెవరు?"

రెండు భవనాల్లో ఎవరూ అడగని ప్రశ్న అది. చింగ్ మొత్తం చెప్పేసింది. ఒక అక్షరం సంగతి, సంతకాల సంగతి, సంచిలో ఉత్తరం సంగతి కూడా. ఉత్తరం మాట విని వాళ్లమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

"చెబితే ఏమవుతుంది?" అన్నాడు నాన్న.

"ఇంకో ఏడాది ఇందులోనే ఉండాలి. టీచరు సీటు పోతుంది."

"చెప్పకపోతే?"

"ఏం కాదు. ఆ కంపెనీవాళ్లు దాన్ని తీసుకెళ్లి నడుపుతారు."

"ఎవరి డబ్బు మీద?"

"పింఛను డబ్బు నాన్నా. నెలనెలా నీ జీతంలోంచి కోస్తారే, అలాంటిదే. నీది కూడా వాళ్ల దగ్గరే ఉంది."

మేస్త్రి పెద్దగా నవ్వాడు. "బాగుచేసిన లిఫ్టులో మేస్త్రి ముందెక్కాలని నేను చచ్చేట్టు మొత్తుకుంటుంటే, నువ్వు ముందు నన్నే ఎక్కిస్తున్నావన్నమాట!"

చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. చేప కన్ను తీసి ఆమె గిన్నెలో వేసి చేతులు కడుక్కోవడానికి లేచాడు. ఆ నవ్వు మాత్రం చింగ్‌ని నెల్లాళ్లు వదల్లేదు.

మే నెల శనివారం పొద్దున హాలు నిండింది. ఎడమవైపు ఫైనాన్సు వాళ్లు, కుడివైపు కంప్యూటరు వాళ్లు, ఎవరూ కూర్చోమనకపోయినా అలాగే కూర్చున్నారు. ముందు వరుసలో కంపెనీవాళ్లు. పాక్‌హేయ్ మాట్లాడినంతసేపూ చప్పట్లే. చివరి స్లైడు, లాభం గీత, చింగ్‌ది. ఆమె ఎక్కి ఆ గీత బదులు తెర మీద ఒక్క తేదీ పెట్టింది.

"ఆగస్టు ఇరవై ఆరు, అయిదేళ్ల కిందట. ఆ రోజు మీరెక్కడున్నారో గుర్తుందా?"

"ఇంట్లో! ఎనిమిదో నంబరు!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. "మా కిటికీ అద్దం పోయింది" అన్నారింకెవరో. హాలంతా నవ్వింది.

"మా ప్రోగ్రాంకి ఆ పదేళ్లలో అన్నిటికంటే ఎక్కువ లాభం ఆ రోజే వచ్చింది. ఆ రోజు షేర్లు కొంది."

నవ్వు ముందు ఎడమవైపు ఆగింది. కుడివైపు ఇంకొంచెంసేపు సాగి, పక్కవాళ్ల మొహాలు చూసి ఆగింది. యిప్ మేడమ్ ఫోను బోర్లా పెట్టింది. మోక్ సార్ లేచి తెర దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. చింగ్ ఆ వరుస చూపించింది, ఆ అక్షరం చూపించింది, అందరి ముందూ మార్చింది. గీత నేల మీద పడుకుంది.

"ఈ వరుస రాసింది నేను. పాక్‌హేయ్ కోడ్ ముట్టుకోలేదు" అని దిగిపోయింది. పాక్‌హేయ్ స్టేజీ మీదే ఉన్నాడు, చేతిలో మైకు, ఎటు చూడాలో తెలియక.

కమిటీ పది రోజుల్లో తేల్చింది. చింగ్‌కొచ్చిన ఉత్తరంలో మొదటి వాక్యం ఆమె నిజాయితీని మెచ్చుకుంది. రెండో వాక్యం మళ్లీ ఏడాది చేయమంది. పాక్‌హేయ్ కోడ్ ముట్టుకోలేదు గనక అతని తప్పు లేదని, వేరుగా పది పేజీలు రాయించుకుని పాస్ చేసింది. కంపెనీ ప్రోగ్రాంను వద్దంది, అతన్ని మాత్రం తీసుకుంది. వినేవాళ్లకు ఒళ్లు మండితే మండనివ్వండి, మండాల్సిందే. సగం చదువు అసలు చదవనివాడు బయటికి నడిచాడు. రెండు సగాలూ కలిపి తప్పు పట్టుకున్న పిల్ల లోపల మిగిలింది.

జూన్ ముప్పైన సంచిలోని ఉత్తరం చెల్లకుండా పోయింది. ఆ రోజు ఆమె దాన్ని తీసి పై బెర్తు మీది అట్టపెట్టెల్లో ఒకదానిలో పెట్టింది. ఏ పెట్టెలో పెట్టిందో గుర్తుంచుకోకుండా ఉండాలని కళ్లు మూసుకుని మరీ పెట్టింది. అయినా గుర్తుంది.

పట్టా గౌను వేసుకుని ఫొటోలు తీసుకునే రోజున పాక్‌హేయ్ రమ్మంటే వెళ్లింది. అందరి చేతుల్లో పూలు, గుడ్డ ఎలుగుబంట్లు. అతను కాసేపు ఆమె చేతికి తన ఎలుగుబంటి ఇచ్చి, ఎండలో కళ్లు చికిలించి అన్నాడు.

"అయిదేళ్లలో ఒక్కసారి కూడా కోడ్ ముట్టుకోలేదు నేను. అదే నన్ను కాపాడింది. సిగ్గుగా ఉంది చింగ్."

"సిగ్గెందుకు? ఫొటోకి నవ్వు" అందామె. నవ్వించి తనే తీసింది ఆ ఫొటో.

సెప్టెంబరులో మళ్లీ అదే వంతెన. హాల్లో జరిగింది కోర్సంతటికీ తెలుసు గనక పిల్లలు ఆమెకు కొత్త పేరు పెట్టారు, ‘తుఫానక్క’. కొత్త జట్టులో ముగ్గురు. మొదటి రోజే ఒకడు "అక్కా, కోడ్ మీరు రాసేస్తారుగా?" అన్నాడు. రాయను, కొన్నవీ అమ్మినవీ జాబితా ఒక్కొక్క వరుసా నేను చదువుతాను, కోడ్ మీరు నేర్చుకోండి అంది. వాడు మొహం మాడ్చుకున్నాడు. ఇంట్లో వాళ్లమ్మ మాత్రం ఇప్పుడు "ఇంకెంతకాలమే?" అని అడగడం మానేసింది. అడగకపోవడం ఎక్కువ బాధగా ఉంది.

ఆ నెలాఖరున తుఫాను వచ్చింది. ఎనిమిదో నంబరు మధ్యాహ్నం రెండింటికి పడుతుందని చెప్పారు, క్లాసులు ఆపేశారు. నాన్న అప్పటికే రెయిన్‌కోటు వేసుకుని ఎవరినో తీయడానికి వెళ్లిపోయి ఉంటాడు. చింగ్ పుస్తకాలు సర్దుకుంటుంటే జట్టులోని నింగ్ అనే పిల్ల ఇంకా బల్ల దగ్గరే కూర్చుని ఉంది. బక్కపలచటి పిల్ల, ఎప్పుడూ మాట్లాడదు. తెర మీద జాబితా తెరిచి ఉంది, చూపు మాత్రం అందులో లేదు.

"ఇంటికి పోవా? ఇంకాసేపయితే బస్సులుండవు."

"నాకు భౌతికశాస్త్రం ఇష్టమక్కా" అంది నింగ్ ఉన్నట్టుండి. "మార్కులు వృథా చేయొద్దన్నారు."

కిటికీ అద్దాలకు గాలి కొడుతోంది. చింగ్ సంచి కింద పెట్టింది.

"నాకూ అదే చెప్పారు" అంది.

"ఇందులోంచి బయటపడటానికి ఎంతసేపు పడుతుందక్కా?"

తొమ్మిది నెలలు అనే మాట చింగ్ నాలుక చివరిదాకా వచ్చింది. రోజులతో సహా తెలుసు ఆమెకు, రోజూ పొద్దున లెక్కపెట్టుకునేదే. మింగేసింది. కుర్చీ లాక్కుని నింగ్ పక్కన కూర్చుని తెర తన వైపు తిప్పుకుంది.

"నేనిక్కడే ఉన్నాను" అంది. వెళ్లడానికి ఇంకెక్కడా చోటు లేదు గనక అది నిజమే.